వైద్యునికి నెలచందా: దానితో లభించేదేమిటి, లభించనిదేమిటి

ట్రాక్టరు కొన్న ప్రతి రైతు వద్దా, అమ్మిన ప్రతి డీలరు వద్దా రెండు రకాల కాగితాలు ఉంటాయి. ఒకటి సర్వీసు ఒప్పందం. రెండవది బీమా పాలసీ. మొదటిదాని ప్రకారం మెకానిక్కు నిర్ణీత గంటలకొకసారి వచ్చి ఆయిలు మారుస్తాడు, ఫిల్టర్లు శుభ్రం చేస్తాడు, క్లచ్చి, బ్రేకు సరిచూస్తాడు. కాని ట్రాక్టరు కాలువగట్టు మీది నుండి బోల్తాపడిన నాడు ఆ ఒప్పందం అక్కరకు రాదు. అప్పుడు రెండవ కాగితమే దిక్కు. ఋణమిచ్చే బ్యాంకు బీమా పాలసీ చూపమని పట్టుబట్టేది ఇందుకే. సర్వీసు ఒప్పందం సంగతి అది అడగదు.

యంత్రం విషయంలో ఈ తేడా మనకు సులభంగానే బోధపడుతుంది. మనిషి శరీరం విషయానికి వచ్చేసరికి రెండు కాగితాలను ఒకటిగా భావించి పొరబడేవారు తక్కువేమీ కారు. పట్టణాలలో కొన్ని క్లినిక్కులు, ఆసుపత్రులు 'కుటుంబ ఆరోగ్య కార్డు' అనో, 'వార్షిక సభ్యత్వం' అనో పేరుపెట్టి చందాలు వసూలు చేస్తున్నాయి. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కూడా 'మేము డాక్టరుకు నెలనెలా పాలవానికి ఇచ్చినట్లు ఇచ్చేస్తాము' అని ఫోనులో చెబుతుంటారు. ఆ చందా ఏ కాగితం? సర్వీసు ఒప్పందమా, బీమా పాలసీయా? ఇంటిలో పెద్ద జబ్బు వచ్చినప్పుడు పంట ఋణం వాయిదా తప్పడం, మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు చేయడం ఎట్లా జరుగుతుందో వసూలుకు తిరిగే క్షేత్రాధికారులందరికీ తెలుసు. కనుక ఈ ప్రశ్నకు సమాధానం తెలిసి ఉండడం మీకు అవసరం.

చందా పద్ధతి మనకు కొత్తది కాదు. పూర్వం మన గ్రామాలలో వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి పని పనికీ కూలి ఇచ్చేవారు కారు. పంట నూర్చిన కళ్ళంలో ఏటా ఇన్ని కుంచాల ధాన్యమని 'మేర' కొలిచేవారు. ఏడాదిలో నాగలి ఎన్నిసార్లు చెక్కించినా మేర ఒకటే. మంగలి కుటుంబమే కురుపులు కోయడం, కట్లు కట్టడం, కాన్పులు చేయడం కూడా చూసేది. వాటిలో కొంత భాగం ఆ మేరలోనే చెల్లిపోయేది. అనగా సేవ చేసేవానికి ఏడాదికి ఇంత అని నికరమైన రాబడి, సేవ పొందేవానికి అవసరం పడినప్పుడు అడిగే హక్కు. అమెరికాలో నేడు విస్తరిస్తున్న చందా వైద్యం కూడా మూలంలో ఇటువంటిదే.

ఆ దేశంలో సాధారణ జ్వరానికి వైద్యుని వద్దకు వెళ్ళినా, బిల్లు చాలావరకు బీమా కంపెనీకే పోతుంది. ప్రతి రోగికీ, ప్రతి పరీక్షకూ సంకేత సంఖ్యలు వేసి, పత్రాలు నింపి, కంపెనీతో వాదించి సొమ్ము రాబట్టుకోవడానికి వైద్యుడు గుమాస్తాలను పోషించాలి. ఆ ఖర్చు పూడ్చుకోవడానికి రోజుకు మరింతమందిని చూడాలి. ఒక్కొక్క కుటుంబ వైద్యుని జాబితాలో రెండు వేలకు మించి పేర్లుండడం అక్కడ సర్వసాధారణం. ఈ గానుగ నుండి బయటపడదలచిన కొందరు వైద్యులు చందా మార్గం పట్టారు.

మొదట పట్టినది సంపన్నుల కోసమే. 1996లో సియాటిల్ నగరంలో హోవర్డ్ మారన్ అనే వైద్యుడు 'ఎం.డి. స్క్వేర్డ్' అనే సంస్థను నెలకొల్పాడు. ఆయన అంతకుముందు ఒక బాస్కెట్‌బాల్ జట్టుకు వైద్యుడు. ఆటగాళ్ళకు అందే వైద్యం ధనిక కుటుంబాలకు ఎందుకు అందకూడదన్నది ఆయన ఆలోచన. ఒక వైద్యునికి సుమారు 50 కుటుంబాలు మాత్రమే; ఏటా వేల డాలర్ల చందా; అర్ధరాత్రి అయినా ఫోను ఎత్తే డాక్టరు. పెద్ద హోటళ్ళలో అతిథుల అవసరాలు కనిపెట్టి చూసే ఉద్యోగిని 'కన్సియర్జ్' అంటారు. ఫ్రెంచి భాషలో ద్వారపాలకుడని అర్థం. ఈ వైద్యానికీ ఆ పేరే స్థిరపడింది. 2000లో ఫ్లోరిడాలో ఆరంభమైన ఎం.డి.వి.ఐ.పి. అనే సంస్థ ఇదే పద్ధతిని మధ్యతరగతి వరకు దించి, వైద్యునికి 600 మంది సభ్యులను, ఏడాదికి 1,500 డాలర్ల చందాను హద్దుగా పెట్టింది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది: ఇటువంటి పలు క్లినిక్కులలో చందా చెల్లించిన తరువాత కూడా, చూసిన ప్రతిసారీ బీమా కంపెనీకి మామూలుగానే బిల్లు వెళుతుంది. చందా కేవలం ప్రవేశ రుసుము.

రెండవ రకం వేరు. దానిని 'ప్రత్యక్ష ప్రాథమిక వైద్యం' అనవచ్చును. అక్కడ బీమా కంపెనీకి అసలు బిల్లే వెళ్ళదు. కాన్సస్ రాష్ట్రంలో, గోధుమ పొలాల నడుమ ఉన్న విచిటా నగరంలో 2010లో ఆరంభమైన అట్లాస్ ఎం.డి. అనే క్లినిక్కు చందాలను వయస్సును బట్టి నిర్ణయించింది: పెద్దలతో కూడి చేరిన పిల్లలకు నెలకు 10 డాలర్లు, యువకులకు 50, నడివయస్సువారికి 75, వృద్ధులకు 100. ఎన్నిసార్లు వచ్చినా వేరే ఫీజు లేదు. మందులు టోకు ధరకు తెప్పించి, ఆ ధరకు కొంచెమే అదనంగా కలిపి సభ్యులకు ఇస్తుంది. ఎరువుల దుకాణం నడిపేవారికి టోకు ధరకు, చిల్లర ధరకు మధ్య దూరమెంతో వేరే చెప్పనక్కరలేదు. మందులలో ఆ దూరం మరీ ఎక్కువ.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేసి చూడండి. 600 మంది సభ్యులు తలకు నెలకు 75 డాలర్లు చెల్లిస్తే నెలకు 45,000 డాలర్లు. వైద్యుని జీతం, నర్సు జీతం, అద్దె అన్నీ ఇందులోనే. గుమాస్తాల పటాలం లేదు గనుక సరిపోతుంది. సభ్యుడు ఏడాదికి నాలుగుసార్లు వస్తాడనుకుంటే 2,400 రాకలు. ఏడాదిలో పనిదినాలు 240 అనుకుంటే రోజుకు పది మంది. ఎనిమిది గంటల పనిలో ఒక్కొక్కరికి 48 నిమిషాలు. అదే వైద్యుని జాబితాలో 2,400 మంది ఉంటే రోజుకు నలభై మంది, ఒక్కొక్కరికి 12 నిమిషాలు; అందులోనే పత్రాలు నింపడం. చందాతో మీరు కొనేది వైద్యుని సమయం. మరొకటి కాదు.

ఆ సమయం విలువైనదే. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి ఏం తిన్నారు, మందు మానేశారా, కాలికి పుండు పడిందా అని నెలనెలా ఓపికగా అడిగే మనిషి ఉండడం పది పరీక్షల పెట్టు. ఇంకొక లాభం కూడా ఉన్నది. రాకరాకకూ ఫీజు పుచ్చుకునే వైద్యునికి మీరు మళ్ళీ రావడంలో రాబడి ఉన్నది; ఒక్క సూదితో పోయేదానికి మూడు సూదులు వేయాలన్న ఆకర్షణ ఉంటుంది. చందా పుచ్చుకునే వైద్యునికి మీరు బాగుండడంలోనే లాభం. అయితే నాణేనికి వెనుకవైపు చూడకుండా ఉండరాదు. చందా ముందే చేతికి వచ్చిన వైద్యునికి మిమ్మల్ని తక్కువసార్లు చూడడంలోనూ లాభమే. మేర కొలిపించుకున్న వడ్రంగి దుక్కుల రోజుల్లో కంటికి కనబడకపోవడం మన పెద్దలు ఎరిగినదే.

ఇక చందాతో లభించని వాటి సంగతి. గుండెపోటు, లారీ ప్రమాదం, కడుపు ఆపరేషను, క్యాన్సరు: వీటి ఖర్చు చందాలో లేదు. అమెరికా చట్టాలు ఈ సంగతిని దాచలేదు. వాషింగ్టన్ రాష్ట్రం 2007లో చేసిన చట్టం ప్రకారం ఇటువంటి ఒప్పందం బీమా కాదు. అది సంపూర్ణ ఆరోగ్య బీమా కాదన్న మాట ఒప్పంద పత్రంలోనే వ్రాసి సభ్యునికి చెప్పాలి. 2010 నాటి జాతీయ ఆరోగ్య చట్టం చందా వైద్యాన్ని అంగీకరించింది, కాని దానికి తోడుగా ఆసుపత్రి ఖర్చులకు బీమా ఉండవలసిందేనన్నది. 2025లో వచ్చిన మరొక చట్టం ప్రకారం, పన్ను మినహాయింపు గల ఆరోగ్య పొదుపు ఖాతా నుండి 2026 జనవరి 1 మొదలు ఈ చందాలు చెల్లించవచ్చును. ఒంటరి సభ్యునికి నెలకు 150 డాలర్లు, కుటుంబానికి 300 డాలర్ల వరకు. ఆ పొదుపు ఖాతా కూడా పెద్ద ఖర్చులకు బీమా ఉన్నవారికే. మూడు చట్టాలలోనూ రెండు కాగితాలు వేరువేరుగానే నిలిచాయి.

వాషింగ్టన్ చట్టంలో బ్యాంకు మనుషులకు నచ్చే నిబంధన మరొకటి ఉన్నది. సభ్యుడు ఒక నెలకు మించి చందా ముందుగా చెల్లిస్తే, ఆ సొమ్మును క్లినిక్కు తన ఇష్టానికి వాడుకోరాదు. ట్రస్టు ఖాతాలో ఉంచి, సేవ చేసిన మేరకు నెల చివర తీసుకోవాలి. సభ్యుడు మానుకుంటే మిగిలినది వాపసు ఇవ్వాలి. ఇది ఎంత ముందుచూపో పదేళ్ళకు తెలిసింది. అదే సియాటిల్‌లో 2007లో ఆరంభమై, జెఫ్ బెజోస్, మైకేల్ డెల్ వంటి కుబేరుల పెట్టుబడి పొందిన క్వాలియన్స్ అనే చందా క్లినిక్కుల సంస్థ 2017లో మూతపడింది. పెట్టుబడి పెట్టినవారి పేరు గొప్పదైనంత మాత్రాన చందాదారుని సొమ్ము భద్రమని అనుకోరాదు. చిట్టీల వ్యవహారంలో చేయి కాల్చుకున్న మన పాఠకులకు ఇది కొత్త పాఠం కాదు.

వైద్యుడు 2,400 మంది జాబితా వదలి 600 మందితో చందా క్లినిక్కు పెడితే, మిగిలిన 1,800 మంది ఎక్కడికి పోవాలి? మహానగరంలో మరొక వీధిలో మరొక డాక్టరు ఉంటాడు. మండలానికంతటికీ ఒక్క ఎం.బి.బి.ఎస్. డాక్టరు ఉన్నచోట ఆయన చందాదారులను మాత్రమే చూస్తానంటే, చందా ఇవ్వలేని కౌలురైతు, కూలీ మళ్ళీ చదువులేని సూది వైద్యుని గుమ్మం ఎక్కవలసిందే. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అతి పెద్ద లోపం ఇదే. దీనికి సులువైన మందు లేదు.

అయితే చందా వైద్యం ధనికుల సొత్తుగానే పుట్టిందని అనుకోకండి. మన సహకార సంఘాల సభ్యులు తప్పక తెలుసుకోవలసిన కథ ఒకటి ఉన్నది. ఓక్లహోమా రాష్ట్రం పడమటి భాగంలో ఎల్క్ సిటీ అనే చిన్న పట్టణం ఉన్నది; చుట్టూ పత్తి, గోధుమ పండించే పల్లెలు. లెబనాన్‌లో పుట్టి అమెరికా చేరిన మైకేల్ షదీద్ అనే వైద్యుడు అక్కడ రెండు దశాబ్దాలు వైద్యం చేసి, రైతులు వైద్యం ఖర్చుకు ఎట్లా చితికిపోతున్నారో చూశాడు. 1929లో ఆయన రైతులను సమావేశపరచి, ఒక్కొక్క కుటుంబం 50 డాలర్లతో వాటా కొంటే అందరూ కలిసి సొంత ఆసుపత్రి కట్టుకోవచ్చునని ప్రతిపాదించాడు. వాటాదారులు ఏటా చందా చెల్లిస్తారు. వైద్యులు జీతం మీద పనిచేస్తారు. అది ఆర్థికమాంద్యం విరుచుకుపడిన సంవత్సరం. వెనువెంటనే ధూళి తుపానుల కరువు. అయినా రాష్ట్ర రైతుసంఘం అండతో ఆసుపత్రి లేచింది.

స్థానిక వైద్యుల సంఘం ఊరుకోలేదు. విచారణ జరపకుండా షదీద్‌ను తొలగించే వీలు లేకపోవడంతో, ఆ సంఘం తనను తానే రద్దు చేసుకుని, ఆరు నెలల తరువాత ఆయన పేరు లేకుండా మళ్ళీ ఏర్పడింది. ఆయన లైసెన్సు రద్దు చేయించడానికి కూడా ప్రయత్నాలు జరిగాయి. రైతులు వెంట నిలిచారు, ఆసుపత్రి నిలిచింది. ఎల్క్ సిటీ చందా ఆపరేషన్లకు కూడా వర్తించడానికి కారణం, ఆసుపత్రి వారిదే కావడం. ఒక క్లినిక్కు, ఒక డాక్టరు మాత్రమే ఉన్న చందా ఆ పని చేయలేదు.

మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. 1958లో డాక్టర్ కె.ఎస్. సంజీవి మద్రాసులో స్థాపించిన వాలంటరీ హెల్త్ సర్వీసెస్ సంస్థ, కుటుంబ ఆదాయాన్ని బట్టి వార్షిక చందా నిర్ణయించి సభ్యులకు వైద్యం అందించే పథకం నడిపింది. మహారాష్ట్రలో వార్ధా దగ్గరి సేవాగ్రామ్‌లోని కస్తూరిబా ఆసుపత్రి మరింత ముందుకు పోయింది. అక్కడి రైతుల చేతిలో నగదు ఆడేది కోతల తరువాతనే గనుక, చందాను జొన్నల రూపంలో కొలిపించుకున్నది. ఇది మన మేర వంటిదే. ఆ ధాన్యపు విలువతో గ్రామ ఆరోగ్య కార్యకర్తకు మందులు సమకూరేవి. అనుకోకుండా వచ్చిన జబ్బుకు ఆసుపత్రిలో చేరితే సభ్యునికి ఉచితం. కాన్పు, హెర్నియా వంటి ముందుగా తెలిసినవాటికి మాత్రం కొంత భాగం చెల్లించాలి. రెండు కాగితాలనూ ఒకే గాదెలో పోసిన పద్ధతి ఇది. అందుకే వారు ఒక షరతు పెట్టారు: ఊరిలో నూటికి 75 కుటుంబాలు చేరితేగాని ఆ ఊరిని పథకంలోకి తీసుకోరు. చెరువు కింద చివరి మడుల రైతులు మాత్రమే పంట బీమాలో చేరితే ఆ బీమా ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆలోచించండి. రోగిష్టులు మాత్రమే చేరిన వైద్య నిధి గతీ అంతే.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది కర్ణాటక యశస్విని. సహకార సంఘాల రైతుల కోసం 2003లో అమలులోకి వచ్చినప్పుడు సభ్యుని చందా నెలకు 5 రూపాయలు, ఏడాదికి 60. అది ప్రధానంగా ఆపరేషన్ల కోసం. దగ్గుకు, జ్వరానికి మందు కొనిపెట్టేది కాదు. మన ఆరోగ్యశ్రీ కూడా ఆ జాతిదే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమై, నేడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా సాగుతున్నది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. 2018 నాటి ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఇచ్చేదీ ఆసుపత్రి ఖర్చుకే. కనుక అర్హత గల కుటుంబం చేతిలో రెండవ కాగితం కొంతవరకు ఉన్నట్లే. లేనిది మొదటిది: నెలనెలా మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజు, బస్సు ఛార్జీ. చందా కార్డు అమ్మేవారు చూస్తున్నది ఈ ఖాళీనే.

కాబట్టి కార్డు మీ ముందు పెట్టినప్పుడు తొందరపడకండి. గడచిన ఏడాది మీ ఇంటిల్లిపాదికీ డాక్టరు ఫీజుల కింద, మందుల కింద, పరీక్షల కింద ఎంత ఖర్చయిందో మూడు వరుసలుగా ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. కార్డు ధరను మొదటి వరుసతో మాత్రమే పోల్చండి. మందులకు, పరీక్షలకు రాయితీ ఉంటే అది ఎంతో కాగితం మీద వ్రాసి ఇమ్మనండి. 'రాయితీ' అన్న మాటకు విలువ కట్టడం డీలర్లకు బాగా తెలుసు: ఏ ధర మీద రాయితీ అన్నది ముందు తేలాలి. ఇంట్లో చక్కెర వ్యాధిగ్రస్తులో, చంటిపిల్లలో ఉండి నెలకొకసారి వెళ్ళవలసిన కుటుంబానికి చందా గిట్టుబాటు కావచ్చును. ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవారికి కాదు. చూసేది ఏ డాక్టరు, ఆయన పట్టా ఏమిటి, ఆయన మరొక ఊరికి మారిపోతే మిగిలిన చందా వాపసు వస్తుందా, ఎందరు సభ్యులను చేర్చుకుంటారు అన్నవి అడగండి. సభ్యుల సంఖ్యకు హద్దు చెప్పని క్లినిక్కు మీకు సమయం అమ్మడం లేదు. ఏడాదికి ఒకేసారి కట్టించుకోజూస్తే నెలవారీగా ఇస్తామనండి. మనకు వాషింగ్టన్ వంటి ట్రస్టు ఖాతా రక్షణ ఉన్నదనుకుని నిశ్చింతగా ఉండవద్దు.

'ఇందులో ఆపరేషన్లు కూడా కలిసి ఉన్నాయి' అని ఏజెంటు నోటిమాటగా అంటే, బీమా కంపెనీ పేరు, ఐ.ఆర్.డి.ఎ.ఐ. నమోదు సంఖ్య గల పాలసీ పత్రం చూపమనండి. అది లేకుంటే అది బీమా కాదు. కార్డు ఉన్నదన్న ధైర్యంతో ఉన్న ఆరోగ్య పాలసీని రెన్యువలు చేయకుండా వదలిపెట్టడం అన్నిటికంటె ఖరీదైన పొరపాటు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా లభించే రక్తపోటు మాత్రలకు, టీకాలకు కార్డు కొననక్కరలేదన్నది కూడా గుర్తుంచుకోండి.

గుమాస్తాలు, హమాలీలు గల డీలర్లకు ఒక మాట. అమెరికాలో చిన్న యజమానులు తమ పనివారి తరఫున ఇటువంటి చందాలు చెల్లిస్తున్నారు. మీరూ చేయదలిస్తే మంచిదే. కాని మీ దుకాణానికి ఇ.ఎస్.ఐ. చట్టం వర్తిస్తే, క్లినిక్కు చందా దానికి బదులు కాదు.

చివరగా సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో పరిమితి లెక్కించే విధానాన్ని గమనించండి. పంట సాగు ఖర్చుకు అదనంగా, దానిలో నూటికి 10 వంతులు కోత అనంతర ఖర్చులకు, ఇంటి అవసరాలకు కలుపుతారు. 20 వంతులు వ్యవసాయ ఆస్తుల మరమ్మత్తులకు, నిర్వహణకు కలుపుతారు. ఆపైన పంట బీమా, ప్రమాద బీమా, ఆరోగ్య బీమా, ఆస్తి బీమా ప్రీమియములు. ఆరోగ్య బీమా ప్రీమియముకు అక్కడ ప్రత్యేక స్థానం ఉన్నది. క్లినిక్కు చందా బీమా కాదు గనుక ఆ పద్దు కిందికి రాదు. అది ఇంటి అవసరాల 10 వంతులలోనే సర్దుకోవాలి. పిల్లల ఫీజులూ, పండుగ ఖర్చూ అన్నీ అందులోనివే. విత్తనాలకు, ఎరువులకు తీసిన సొమ్ములో నుండి చందా కట్టవద్దు. పాలసీ ప్రీమియం రసీదును, క్లినిక్కు చందా రసీదును వేరువేరుగా దాచుకుని, పరిమితి పునరుద్ధరణకు శాఖకు వచ్చేటప్పుడు రెండూ వెంట తెచ్చుకోండి.